కురుంబ నాలుక

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ తంకమణి కాస్త కారం కలిపి చెబుతుంది: "పాలు పొంగినా సరే, పొయ్యి దగ్గరికి ఎవరొచ్చారని అడిగే మనిషి." చేపల పులుసులో ముక్కలు లెక్కపెట్టుకున్నాక గానీ గిన్నె దగ్గరికి లాక్కోనని మా అత్తగారు పోయేదాకా చుట్టాలందరికీ చెప్పి నవ్వింది. నేను కాదనను. మాది కేరళలో నాలుగువైపులా ఉప్పుటేరు ఉన్న లంక. మధ్యలో నూట పది ఎకరాల పొలం, చుట్టూ గట్ల మీద ఇళ్ళు. ఇలాంటి చోట రైతు సంఘానికి పన్నెండేళ్ళుగా సెక్రటరీగా ఉన్నవాడికి అనుమానం లేకపోతే తూముకి తలుపు కూడా మిగలదు.

అందుకని, లంకంతా అక్కా అన్నట్టు చేచ్చీ అని పిలిచే కురుంబ గురించి నేను చెప్పేది వినండి గానీ, నా మాట మీద మరీ ఆనుకోకండి. ఆమె విషయంలో నేను పొరపాటు పడ్డాను. పొరపాటు అనడం కూడా నన్ను నేను వెనకేసుకురావడమే.

అప్పటికి ఆమెకి అరవై ఆరో, అరవై ఏడో. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎండకీ వానకీ ఒకటే మగవాళ్ళ చొక్కా, లుంగీ, నెత్తిన తువ్వాలు. మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. తూము పక్కన గట్టు మీద రెండు గదుల ఇల్లు, పదిహేను బాతులు, ఇరవై సెంట్ల పొలం. మా లంకలో ఉన్న నలభై ఒక్క పొలాల్లో అన్నిటికంటే చిన్నది ఆమెదే. అయినా ఆమె చెప్పనిదే ఎవరూ విత్తనం చల్లేవారు కాదు.

మేం పండించేది పొక్కాలి వరి. ఆరు నెలలు రొయ్యలు తిరిగిన ఉప్పునేలలోనే మిగతా ఆరు నెలలూ అది పెరుగుతుంది. ఏప్రిల్‌లో విషు పండగ వెళ్ళగానే తూము మూసి, నీళ్ళు తోడి, బురదని మోకాలెత్తు కుప్పలు పోస్తాం. ఎండకి అవి ఆరి నెర్రెలిస్తాయి. జూన్‌లో, మా ఇడవం నెలలో పడే వానలు వాటి నెత్తిన పడి ఉప్పుని కిందికి కడిగేస్తాయి. ఉప్పు దిగిన కుప్ప మీద మొలకవిత్తనం చల్లి, నారు ఎదిగాక ఆ కుప్పనే పారతో కోసి నారుతో సహా పొలమంతా పరుస్తాం. మందుల్లేవు, ఎరువుల్లేవు. చిక్కంతా ఒక్కటే, ఉప్పు దిగిందా లేదా అని. తొందరపడితే మొలక మాడిపోతుంది. ఆలస్యం చేస్తే విత్తనం బుట్టలోనే చస్తుంది. చెరువులో నానబెట్టి, టేకాకులు పరిచిన కొబ్బరాకు బుట్టల్లో నీడన దాచిన మొలక నెల రోజులు నిద్రపోతుంది, ఆ తర్వాత లేవదు.

ఉప్పు దిగిందని చెప్పేది కురుంబ నాలుక. అంతకుముందు వాళ్ళమ్మ నాలుక. కుప్ప నెత్తిన చిటికెడు మట్టి తీసి నాలుక కొసన పెట్టుకుని, మెల్లగా వెనక్కి తోసి, పక్కకి తిరిగి ఉమ్మి, "ఇంకో రెండు వానలు" అనేది. లేదా "చల్లండి" అనేది. వాళ్ళమ్మ రోజుల్లో పెద్దకులాల వాళ్ళు ఆమెను తమ బావి దరిదాపులకి రానిచ్చేవారు కాదు, కానీ ఆమె వాళ్ళ పొలంలో ఉమ్మితే గానీ విత్తేవారు కాదు. ఈ పనికి కూలీ అంటూ ఏమీ లేదు. మొదటి కుప్ప మీద మొదటి గుప్పెడు ఆమె చల్లాలి, అంతే. ఆ గుప్పెడు చల్లేటప్పుడు కురుంబ చేచ్చి నడుం ఎంత నిటారుగా నిలిచేదో చూసినవాళ్ళకి తెలుసు.

నేను చెప్పేది లాక్‌డౌన్ రెండో ఏడాది సంగతి. వ్యవసాయాఫీసులో ఉప్పు కొలిచే మీటరు ఉంది గానీ ఆ ఏడు పడవెక్కి మా లంకకి వచ్చినవాళ్ళు లేరు. వానలు కూడా ముక్కుతూ మూలుగుతూ పడ్డాయి. బుట్టలు నానేసిన పద్దెనిమిదో రోజున కురుంబ చేచ్చిని నా పొలానికి పిలిచాను. మట్టి నోట్లో పెట్టుకుంది. ఉమ్మలేదు. తువ్వాలుతో నోరు తుడుచుకుంది.

"ఏమంటావ్ చేచ్చీ?"

"ఇంకా లేదు."

"ఎన్ని వానలు పడాలి?"

"చెప్తాలే సెక్రటరీ. నీ బుట్టలేమన్నా పారిపోతున్నాయా?"

ప్రతి ఏడూ లెక్క చెప్పే మనిషి ఈ ఏడు చెప్పలేదు. నా మనసులో మొదటి ముల్లు అక్కడ గుచ్చుకుంది.

రెండో ముల్లు తంకమణి తెచ్చింది. రేవులో గిన్నెలు తోముకుంటూ చూసిందట: కురుంబ చేచ్చి లోనప్పన్ పడవలో, ముందు పలక మీద గొడుగేసుకుని కూర్చుని పట్నం వెళ్ళింది. లోనప్పన్ రొయ్యల కాంట్రాక్టరు. కోతలయ్యాక ఆరు నెలలు మా పొలాల్లో రొయ్యలు అతనివే. ఆ ఆరు నెలలు అతనికి చాలవు. ఒక్క ఏడాది వరి పోతే చాలు, మేమే విసిగి ఏడాది పొడుగునా తూము తన చేతికిచ్చేస్తామని అతని ఆశ. అంటే బుట్టల్లో మా విత్తనం చావడం అతనికి కావాలి. "ఇంకా లేదు, ఇంకా లేదు" అని ఎవరైనా నెల గడిపేస్తే అతని పని అయిపోయినట్టే.

మర్నాడే అడిగాను.

"పట్నం వెళ్ళావట?"

"ఊరికే."

"లోనప్పన్ పడవలోనా?"

"వాడి పడవకి ఇంజనుంది. నువ్వు గెడ వేసి తీసుకెళ్తావా ఏంటి?"

ఇది జవాబు చెప్పేవాళ్ళ మాట కాదు, తప్పించుకునేవాళ్ళ మాట. ఇంటికొచ్చి తంకమణితో అదే అన్నాను. "నీకు ఎవరు నవ్వినా పళ్ళు లెక్కపెట్టాలనిపిస్తుంది" అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

మూడోది, నన్ను అన్నగా చూసి చేట్టా అని పిలిచే దివాకరన్ చెప్పాడు. అతనికి దిగువన రెండు పొలాలున్నాయి, రెండింటికీ సరిపడేంత గొంతు ఉంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ కురుంబ చేచ్చి తన కుప్పల దగ్గర వంగి, మట్టి తీసి డబ్బాలో వేసుకోవడం చూశాడట. ఆ పక్క పొలంలోనూ తీసిందట, ఆ పక్కదాంట్లోనూ తీసిందట.

"రుచి చూడటానికి డబ్బా ఎందుకు సుగుణన్ చేట్టా? మా అమ్మ చేతబడి అని హడలిపోతోంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది."

"చేతబడి కాదురా, లోనప్పన్‌కి చూపించడానికి అయ్యుంటుంది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రాకముందు నాకే తెలియదు. వచ్చాక మాత్రం అదే నిజమనిపించింది. సాయంత్రానికి లంకంతా అదే అనుకుంటోంది.

ఇరవై నాలుగో రోజు. బుట్టల అడుగున టేకాకులు నల్లబడుతున్నాయి. నేను గ్రంథాలయం వరండాలో సంఘం మీటింగు పెట్టాను. అందరూ మాస్కులు గెడ్డాల కిందికి లాక్కుని కూర్చున్నారు. రెండు స్టీలు గ్లాసులు బల్ల మీద పెట్టించాను. ఒకదాంట్లో మా ఇంటి చెరువు నీళ్ళు. రెండోదాంట్లో తూము బయట ఉప్పుటేటి నీళ్ళు. నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"చేచ్చీ, ఇవి రెండు పొలాల బోదెల్లో నీళ్ళు. ఏది చల్లడానికి సిద్ధమో చెప్పు" అన్నాను.

ఆమె నా వంక చూసింది. చాలాసేపు చూసింది. మొదటి గ్లాసులో ఒక గుటక తాగింది, రెండోదాంట్లో ఒక గుటక తాగింది. మళ్ళీ నా మొహం చూసింది.

"రెండోది. తియ్యగా ఉంది. మొదటిదాంట్లో ఉప్పుంది."

నేను లేచి నిలబడ్డాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు ఆనందంగా ఉంది. "రెండోది తూము బయట నీళ్ళు!" అని అరిచాను. దివాకరన్ గ్లాసు లాక్కుని నోట్లో పోసుకుని థూ అని వరండా బయటికి ఉమ్మాడు.

"అమ్ముడుపోయింది! ముసల్ది అమ్ముడుపోయింది!"

ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. లోనప్పన్‌కి అమ్ముడుపోయిన మనిషయితే రెండింటినీ ఉప్పే అనాలి. ఉప్పునీళ్ళని తియ్యగా ఉన్నాయని ఎందుకంటుంది? ఇంత చిన్న లెక్క అనుమానంలో పుట్టి అనుమానంలో పెరిగిన నాకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. ఆమె గ్లాసులు రెండూ తిరగేసి బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. "రేపు పొద్దున్నే చల్లేద్దాం" అని దివాకరన్ అన్నాడు, అందరూ ఊ అన్నారు. నేనూ ఊ అన్నాను.

మర్నాడు తెల్లారగానే నేను పొలానికి వెళ్ళకుండా కురుంబ చేచ్చి ఇంటికి వెళ్ళాను. లోనప్పన్ ఏమిచ్చాడో పట్టుకోవాలని. ఆమె బాతుల్ని ఏట్లోకి తోలుతోంది. ఇంటి వెనక్కి వెళ్ళాను. అక్కడ నేల మీద కొబ్బరి చిప్పలు ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వరసలు వరసలు. ప్రతి చిప్పలోనూ మట్టి, మట్టిలో మొలకలు. కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఒక మూల పెట్టిన పెంకు ముక్క తూము. వంకరగా పేర్చిన గులకరాళ్ళు మా వంకర గట్టు. తూము నుంచి మూడోది నా పొలం. నలభై ఒక్క చిప్పల్లో మా లంకంతా ఆమె పెరట్లో ఉంది.

నా చిప్పలో పది గింజలున్నాయి. పదీ కొసలు మాడి, గోధుమరంగుకి తిరిగి, మట్టికి అంటుకుపోయాయి. చుట్టూ చూశాను. ఎగువ గట్టు కింద తొమ్మిది చిప్పలు మాత్రం పచ్చగా ఉన్నాయి. మిగతావన్నీ నా చిప్పలాగే ఉన్నాయి.

"డబ్బు కోసమైతే బియ్యం డబ్బాలో చూడు సెక్రటరీ. నూట ఇరవై రూపాయలున్నాయి."

వెనక నిలబడి ఉంది. చేతిలో బాతుల కర్ర.

"ఇదేంటి చేచ్చీ?" అన్నాను.

"ప్రతి వానకీ మట్టి మారుస్తాను, గింజలు మారుస్తాను. నా విత్తనమే, నీదేం కాదులే. మూడోరోజుకి చెప్పేస్తాయి." కర్ర గోడకి ఆనించింది. "మొన్న ధనుర్మాసంలో జ్వరమొచ్చింది. తగ్గాక ఎండుచేప నమిలితే చెక్క నమిలినట్టుంది. అప్పట్నుంచి అంతే. కారం తెలీదు, పులుపు తెలీదు, ఉప్పు తెలీదు. రుచి తిరిగొస్తుందిలే, ఓపికపట్టు అన్నాడు పట్నం డాక్టరు. మన పడవలో వెళ్తే రేవు దాటేలోపు నలుగురు దేనికని అడుగుతారు. లోనప్పన్ అడగడు. వాడికి రొయ్యలు తప్ప ఏమీ పట్టదు."

"మరి నిన్న ఆ గ్లాసు..."

"నీ మొహం చూసి చెప్పాను. నేను మొదటి గ్లాసు ఎత్తేటప్పుడు కళ్ళు దించుకున్నావు. మోసం అందులో ఉందనుకున్నా. రెండిట్లోనూ ఉందని తెలీలేదు."

"ముందే చెప్తే ఏం పోయేది?"

ఆమెకి కోపమొచ్చింది. "ఏం పోయేదా? ఈ లంకలో నన్ను పేరు పెట్టి పిలిచేది దేనికి? మా అమ్మకి ఈ నాలుక తప్ప ఏం లేదు, నాకూ లేదు. అది చచ్చిందని చెప్పి, రోజూ మీరు నాకు గంజి పోస్తుంటే కూర్చుని తాగాలా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు, లంకంతా ఇప్పుడు విత్తనం చల్లుతోందని.

పరిగెత్తాను. దివాకరన్ అప్పటికే ఒక పొలం ముగించి రెండోదాంట్లో బుట్ట దించాడు. "ఆపండిరా, ఉప్పు దిగలేదు, నేను చూశాను!" అని గట్టు మీద నిలబడి అరిచాను. కొందరు తలెత్తారు. దివాకరన్ చేతిలో గుప్పెడు అలాగే పట్టుకుని నవ్వాడు.

"నిన్న సాయంత్రం ఆవిడ అమ్ముడుపోయిందన్నావు. రాత్రికి రాత్రి నిన్ను కూడా కొనేసిందా చేట్టా? తెల్లారగానే వాళ్ళింటికి వెళ్ళావట, మా అమ్మ చూసింది."

అందరూ నవ్వారు. నేను ఒట్టేశాను. ఒట్టేసేవాణ్ణి ఎలా చూడాలో పన్నెండేళ్ళుగా వాళ్ళకి నేనే నేర్పాను, అచ్చం అలాగే చూశారు. చల్లడం ఆగలేదు.

తిరిగి వెళ్ళి, "నా మాట వినడం లేదు చేచ్చీ" అన్నాను. ఏడుపొచ్చింది. నా విత్తనం ఇంకా ఇంట్లోనే భద్రంగా ఉంది. అయినా వచ్చింది.

ఆమె చిప్పల వైపు ఒకసారి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి చేపల బుట్ట తెచ్చి, తూము దగ్గర్నుంచి వరసగా ఒక్కొక్కటీ అందులో సర్దింది. "దోనె విప్పు" అంది. నేను గెడ అందుకోబోతే లాక్కుంది. "నువ్వు చిప్పలు పట్టుకుని కూర్చో. ఒక్కటి తారుమారైనా నీ తల పగలగొడతా."

ప్రతి పొలం గట్టు పక్కన దోనె ఆపింది. పేరు పెట్టి పిలిచింది. ముందు ఎవరూ రాలేదు. రెండో గట్టు దగ్గర లేచి నిలబడి, నలుగురికీ వినపడేలా అంది:

"నిన్న సెక్రటరీ పెట్టిన రెండు గ్లాసులూ నాకు ఒకటే! నా నాలుక చచ్చి ఆరు నెలలైంది! మీకు చెప్పకుండా దాచాను. నా మాట నమ్మొద్దు. మీ మట్టి ఇది, మీరే చూసుకోండి!"

అంత గొంతు ఆమె దగ్గరుందని నాకు తెలియదు. దివాకరన్ వచ్చాడు. తన రెండో పొలం చిప్ప తీసుకుని, గోటితో ఒక మొలక పీకి నలిపాడు. పొడి అయింది. బుట్ట ఎత్తి గట్టు మీద పెట్టాడు. ఆ తర్వాత పిలవకుండానే వచ్చారు.

అప్పటికే పదకొండు పొలాల్లో చల్లేశారు. అందులో మూడు ఎగువవి, బతికాయి. ఎనిమిది మాడిపోయాయి, ఆ ఏడంతా గడ్డి మొలిచింది. ఆ ఎనిమిదీ నా ఖాతాలోవే, లోనప్పన్‌వి కాదు. మిగతా మేం ఆగాం. ఇరవై ఏడో రోజున వాన పట్టుకుని రెండు రోజులు వదల్లేదు. ఇరవై తొమ్మిదో రోజు పొద్దున ఆమె పెరడు నిండా జనం. ఎవరి చిప్ప వాళ్ళు చూసుకుని, పచ్చగా కనపడగానే పొలాలకి పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. కుప్పల మీద సగం విత్తనం చల్లాక గానీ గుర్తు రాలేదు, మొదటి గుప్పెడు ఆమెను చల్లమని ఎవరూ అడగలేదని. కావాలని చేసింది కాదు. అవసరం లేకపోయింది, అంతే. గట్టు మీదికి చూస్తే ఆమె తన ఇరవై సెంట్లలో ఒక్కతే చల్లుకుంటోంది.

ఆ తర్వాత ఆమె ఎవరి పొలం వైపూ రాలేదు. తులా నెలలో, అంటే అక్టోబరుకి, నడుంలోతు నీళ్ళల్లో దిగి వెన్నులు మాత్రం కోశాం. పంట బాగానే వచ్చింది. కొత్త బియ్యంతో గంజి కాచి గ్రంథాలయం వరండాలో అందరం కలిసి తాగుతాం. మొదటి గిన్నె ఆ ఏడు మట్టి రుచి చెప్పిన మనిషికి. ఆమె తాగి ఎలా ఉందో చెప్పాకే మిగతావాళ్ళం ముట్టుకుంటాం. ఆ రోజు గిన్నె నింపాక ఎవరికివ్వాలో తెలియక అందరూ నేల చూపులు చూశారు. పెద్దవాళ్ళలో ఎవరికైనా ఇద్దామని ఒకరు గొణిగారు. కురుంబ చేచ్చి అందరికంటే చివర, మెట్ల మీద కూర్చుని ఉంది. తనకి ఇవ్వరని తెలిసే వచ్చినట్టుంది, గిన్నె కూడా ఇంటి నుంచే తెచ్చుకుంది.

నేను గిన్నె తీసుకెళ్ళి ఆమె చేతుల్లో పెట్టాను.

ఆమె నా మొహం చూడలేదు. గిన్నెలోకే చూస్తూ రెండు గుటకలు తాగింది. నిదానంగా నమిలింది.

"బావుంది. ఉప్పు సరిపోయింది" అంది.

తంకమణి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో చెప్పింది. హడావిడిలో గంజిలో ఉప్పే వెయ్యలేదట.

గిన్నెలు అందరికీ అందాయి. దివాకరన్ ఒక గుటక వేసి, ఆగి, నా వైపు చూశాడు. వాడి నోరు నాకు తెలుసు. వాడు ఇంకో గుటక వేశాడు.

"అవును చేచ్చీ, సరిపోయింది" అన్నాడు.

ఒకరి తర్వాత ఒకరు అదే అన్నారు. నేను రెండో గిన్నె పోయించుకున్నాను.